రిమార్కుల గడి నింపిన మనిషి

బియ్యం గురించి అడుగుతుండగా ఫోను మోగింది. పాయకరావుపేట దాటి లోపలికి పోయే దారిలో ఒక చిన్న ఊరు. అరుగు మీద నేను, నా ఒళ్ళో ట్యాబు, ఎదురుగా చేటలో మినుములు చెరుగుతూ ఆ ఇంటావిడ. ఫోన్లో మా ఆఫీసు కుర్రాడు. "అక్కా, మన పెద్దసార్ పోయేరు. తెల్లారగట్ట. నిద్దట్లోనేనంట" అన్నాడు.

"అలాగా" అన్నాను. ఫోను సంచిలో పడేసి, ట్యాబు మీద వేలు పెట్టి, "ఆఁ, ఎంతమ్మా, నెలకి బియ్యం?" అని మళ్ళీ అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. కానీ ఆ ప్రశ్న అడగడం నాకు నేర్పింది ఆయనే. మధ్యలో వదిలేసి లేస్తే ఆయనకే నచ్చేది కాదేమో.

ఆవిడ చేట పక్కన పెట్టేసింది. "ఏటైందమ్మా? ఎవలికేటైంది?" అంది. అప్పుడొచ్చింది ఏడుపు. ఆవిడ లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టి, "నాన్నగారేటి?" అని అడిగింది. కాదనడానికి నోరు రాలేదు, ఔననడానికి నాకు హక్కు లేదు. "మా సూపర్వైజరుగారమ్మా" అన్నాను. "సూపర్వైజరు కోసం ఇంతలాగ ఏడుత్తారా ఎవులైనా!" అని ఆవిడ ముక్కున వేలేసుకుంది. నిజమే, మామూలుగా ఏడవరు. ఆ మాటకి జవాబు ఆ పూట చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

మీలో చాలామంది పొద్దున్నే పేపర్లో చదివే ఉంటారు. తలసరి ఖర్చు పెరిగిందనీ, పల్లెల్లో జీవన ప్రమాణాలు మెరుగయ్యాయనీ, ధరల సూచీ కాస్త దిగిందనీ. చదివి పేజీ తిప్పేస్తారు. తప్పులేదు, నేనూ తిప్పేస్తాను. కానీ ఆ అంకెలు ఆకాశంలోంచి ఊడిపడవు. ఎవరో ఒకరు ఏదో ఒక అరుగు మీద కూర్చుని, నూనె ఎంత కొన్నారమ్మా, పిల్లకి జ్వరమొస్తే ఎక్కడికి తీసుకెళ్ళారమ్మా, కాలికి చెప్పులు ఎప్పుడు కొన్నారమ్మా అని అడిగితేనే అవి పుడతాయి. అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పయ్యేళ్ళకి పైగా అలా అడిగినాయన ఈయన. సర్వీసులో ఆఖరి ఆరేళ్ళు ఆయన పాత స్కూటర్ వెనక నా స్కూటీ వేసుకుని తిరిగినదాన్ని నేను. ఆయనది పర్మినెంటు ఉద్యోగం, నాది కాంట్రాక్టు. ఆయన రిటైరై రెండేళ్ళయింది. నాది ఇప్పటికీ కాంట్రాక్టే.

చేరిన కొత్తలో నాకు బోలెడంత పొగరు. విశాఖపట్నంలో ఎకనామిక్స్‌లో ఎమ్మే చేశాను. ఆయనది ఉత్త బీయే. మొదటిరోజు కశింకోట పక్కన ఒక ఊళ్ళో ముసలి రైతు ముందు కూర్చుని, ఫారంలో ఉన్నది ఉన్నట్టు, "మీ కుటుంబ నెలసరి వినియోగ వ్యయం ఎంతండీ?" అని అడిగాను. ఆ ముసలాయన కాసేపు ఆలోచించి, చాలా మర్యాదగా, "అలాటిది మా ఇంట్లో నేదమ్మా. ఎదురింట్లో ఉందేమో అడుగు" అన్నాడు.

మా పెద్దాయన నవ్వలేదు. ట్యాబు నా చేతిలోంచి మెల్లిగా తీసుకుని, "మామా, మొన్న సంతకెల్లేవా? ఏటేటి తెచ్చేవు?" అన్నారు. అంతే. ముసలాయన గట్టు తెగిన కాలవలాగ మొదలుపెట్టాడు. చింతపండు దగ్గర్నుంచి మనవరాలి రిబ్బన్ల దాకా మొత్తం వచ్చేసింది. దారిలో నేను మూతి ముడుచుకుని ఉంటే, "అదేం పెద్ద తప్పు కాదమ్మా. నువ్వు పుస్తకాన్ని అడిగేవు, నేను మనిషిని అడిగేను. పుస్తకాన్ని అడగడం కూడా రావాల" అన్నారు. ఆ 'కూడా' అన్నమాట నా పొగరుని ఎంత సుతారంగా దించిందో ఆయనకి తెలుసో లేదో.

ఆయనకో అలవాటుండేది. ఏ ఇంటికెళ్ళినా మంచినీళ్ళు అడిగేవారు. దాహం ఉన్నా లేకపోయినా సరే. మధ్యాహ్నానికి ఆయన నడుస్తుంటే కడుపులో నీళ్ళు కదిలే చప్పుడు వినపడేదని నేను ఏడిపించేదాన్ని. "సార్, ఇవాళ ఎన్ని బోర్లు ఖాళీ చేశారు?" అంటే, "నువ్వు అడుగుతున్నావు గానీ సూడ్డం లేదమ్మా. నీళ్ళు ఇచ్చిన చెయ్యి సూడు. చెంబా, గ్లాసా, ప్లాస్టిక్ మగ్గా సూడు. ఎక్కడ్నుంచి ముంచి తెచ్చిందో సూడు. సగం ఫారం అక్కడే అయిపోతాది" అనేవారు. గుమ్మం ముందు చెప్పులు విడిచేవారు, మట్టి అరుగైనా సరే. మా వాళ్ళలో ఇంకెవరూ అలా విడవడం నేను చూడలేదు.

సర్వే అనగానే ఊళ్ళో జనం రేషన్ కార్డు తీసేస్తారని భయపడతారు. ఉన్నవి దాచేస్తారు. మాకిది మామూలే. ఒకచోట ఇంటాయన మోటార్‌సైకిల్ని గడ్డిమేటు వెనక తోసేసి, దాని మీద దుప్పటి కప్పి, మా ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దాయన ప్రశ్నలన్నీ అడిగి, లేచి వెళ్ళిపోతూ, "బావా, గాలికి దుప్పటి జారిపోతంది, కాస్త సర్దుకో. మేం కార్డులోళ్ళం కాదు. బండి ఉందని రాసుకుంటే మాకు గానీ నీకు గానీ నట్టమేటీ లేదు" అన్నారు. ఇంటాయన సిగ్గుపడిపోయి, బండి బయటికి తీసి, మా ఇద్దరికీ కొబ్బరిబొండాలు కొట్టిచ్చాడు. బండి ఉందని రాశాం.

ఇంకో ఇల్లు అచ్యుతాపురం దగ్గర. భూమి కంపెనీలకి పోయింది, ఇంటి మగవాళ్ళు కంపెనీ బస్సెక్కి షిఫ్టులకి పోతున్నారు. ముందుగదిలో ఎర్రగా మెరిసిపోతూ ఫ్రిజ్. నేను 'ఉంది' అన్నచోట నొక్కేసి ముందుకెళ్ళిపోయాను. ఆయన నీళ్ళడిగారు. ఆ ఇంటావిడ కుండలోంచి ముంచి ఇచ్చింది. "ఫ్రిజ్‌లోవి ఇయ్యమ్మా, చల్లగుంతాయి" అన్నారాయన. ఆవిడ కిసుక్కున నవ్వి తలుపు తీసింది. లోపల అరలన్నీ పీకేసి రెండు బస్తాల బియ్యం నిలబెట్టి ఉన్నాయి. "ఎలకలండి బాబూ! కరెంటు బిల్లు సూసి ప్లగ్గు పీకేసేను. ఎలక దూరనిది ఇదొక్కటే మా ఇంట్లో" అంది. ముగ్గురం పొట్టపట్టుకుని నవ్వాం. తర్వాత నేను, 'ఉంది' అన్నది తీసెయ్యాలా సార్ అనడిగితే, "తీస్తావేటి? ఉంది కదా! ఉందనే ఉంచు. రిమార్కుల్లో బియ్యం సంగతి రాయి" అన్నారు.

ఫారం చివర రిమార్కులని ఒక గడి ఉంటుంది. అందరం దాన్ని ఖాళీగా వదిలేస్తాం, లేదా 'ఏమీ లేవు' అని రాసేస్తాం. ఆయన మాత్రం ఆ గడి నిండేదాకా వదిలేవారు కాదు. కాగితం ఫారాల రోజుల్లో గడి చాలక అంచుల మీదకి కూడా పాకేవారట. ఎందుకు సార్, పైన ఎవరు చదువుతారని నేనంటే, "సదవరమ్మా. నాకు తెలుసు" అనేవారు. మరెందుకండీ అంటే, కళ్ళజోడు తుడుచుకునేవారు.

అలాగని ఆయన అంకెల్ని చులకన చేసేవారనుకోకండి. నాకు చికాకెక్కి, ఈ సగట్లన్నీ దొంగలెక్కలండీ అని ఒకసారి విసుక్కున్నాను. నక్కపల్లి హైవే పక్కన టీ కొట్టు దగ్గర ఉన్నాం. ఆయన గ్లాసు కింద పెట్టేసి, "అలా అనకు. ఈ ఫారాలే లేకపోతే ఇక్కడ ఇన్ని వేలమంది ఎలగ బతుకుతున్నారో పైవాళ్ళకి తెలిసే దారే లేదు. అంకె మంచిదేనమ్మా. మనం అడిగినదానికే అది జవాబు చెప్తాది. మనం అడగనిది దానికెలగ తెలుత్తాది?" అన్నారు. తర్వాత టీ చల్లారిపోయిందని కొట్టువాడి మీద విసుక్కున్నారు. చల్లార్చుకున్నది ఆయనే.

సముద్రం ఒడ్డున చేపలమ్ముకునే ఒకావిడ ఆయన్నే తికమక పెట్టేసింది. ఇంట్లో చేప తినని రోజు లేదంది. ఫారం ప్రకారం ఇంట్లో తిన్న చేపకి కూడా ధర వెయ్యాలి. "ఏ ధర ఎయ్యమంటావమ్మా?" అంటే ఆవిడ నడుం మీద చేతులేసుకుని, "ధరుంటే అమ్ముకుందును కదా బాబూ! కొనీవోడు లేకే గదా కూరొండుకున్నాను" అంది. ఆయన ట్యాబు మీదికెత్తిన వేలు వెనక్కి తీసుకున్నారు. మా ఫారం ప్రకారం ఆ ఇల్లు బాగా తింటున్న ఇల్లు. ఆవిడ మాట ప్రకారం బేరం తగలని రోజుల ఇల్లు. రెండూ నిజమే. తిరిగొస్తూ దారంతా ఆ మాటే తలుచుకుని, "ఎంతమాట అనేసిందో సూడు" అని మురిసిపోయారు.

ఇక నేను చెప్పకుండా దాటెయ్యాలని చూస్తున్న ఇంటి దగ్గరికి వస్తాను.

నక్కపల్లి వైపు చెరకు రైతుల ఇల్లు. అత్త, మామ, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. జవాబులన్నీ అత్తగారే చెప్పింది. పూటకి రెండు తవ్వల బియ్యం పడుతుందంది. నేను కిలోల్లోకి మార్చి, ఆరుగురికి పంచి చూశాను. బాగానే ఉంది. ట్యాబు కూడా ఒప్పేసుకుంది. లేవబోతుంటే పెద్దాయన, "అత్తా, నూనె సంగతి వొండేవోళ్ళకే తెలుత్తాది. కోడల్ని ఓపాలి పిలు" అన్నారు. ఆ వంకన నీళ్ళడిగి వంటింటి వసారాలోకి నడిచారు. వెనకాల నేను.

కోడలు సన్నగా ఉంది. ఆయన పీట మీద కూర్చుని, "నువ్వు బోంచేసేవా తల్లీ?" అన్నారు.

"తినేసేనండి."

"ఏ కూరతో?"

"కూర అయిపోనాదండి."

"మరి దేంతో తిన్నావు?"

ఆ పిల్ల తలొంచుకుంది. ఆయన ఇంకేమీ అడగలేదు. అలా ఊరికే కూర్చున్నారు. నేను రెండుసార్లు వాచీ చూసుకున్నాను. చివరికి ఆ పిల్ల పొయ్యి పక్కనున్న అన్నం గిన్నె తీసి మా వైపు వంచి చూపించింది. అడుగున మాడు చెక్క, నాలుగు మెతుకులు.

"ఇయాల సుట్టం వచ్చేడండి. మావయ్యగారు ఆయనకి ఇంకోపాలి ఒడ్డించమన్నారు."

"రోజూ ఇంతేనా?"

"రోజూ కాదండి" అంది గబుక్కున. కాసేపాగి, "రోజు మార్సి రోజు" అంది.

మేం సలహాలివ్వకూడదు. అది రూలు. ఆయన బయటికొచ్చి, చెప్పులు తొడుక్కుంటూ, "అత్తా, పూటకో సోల బియ్యం ఎక్కువ పోయించు. కోడలు సిక్కిపోతే రేపు సెరుకు కోతల్లో మనిషుండదు నీకు" అన్నారు. అత్తగారు నవ్వుతూ, "అలగేలే బాబూ" అంది. రూలు తప్పారు కదా సార్ అన్నాను దారిలో. "తప్పేను" అన్నారు. ఆ ఊరి చివర స్కూటర్ ఆపి, ఆయన చెబుతుంటే రిమార్కు నేను టైపు చేశాను. 'కోడలు గిన్నె వంచి చూపించింది. ఈమె భాగం సగటులో ఉంది, కంచంలో లేదు.'

వారం తిరక్కుండా పై ఆఫీసునుంచి నాకు ఫోనొచ్చింది. అంకెకీ రిమార్కుకీ పొంతన కుదరడం లేదు, తలసరి బియ్యం సరిపోయింది కదా, అంకె మార్చండి, లేకపోతే రిమార్కు తీసెయ్యండి అన్నారు. అదే వారం కాంట్రాక్టు వాళ్ళలో ఎవరుండాలి, ఎవరు పోవాలి అన్న జాబితా తయారవుతోంది. మా ఆయనకి అప్పటికి నిలకడైన పని లేదు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. పెద్దాయన్ని అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు గనక అడగలేదు. ఒక్క వేలితో తీసేశాను. గడి తెల్లగా అయిపోయింది. అందులో 'ఏమీ లేవు' అని రాశాను.

రెండ్రోజుల తర్వాత ఆయన ఫారాలు సరిచూస్తూ ఆగిపోయారు.

"తీసేసేవా?"

"తీసేశానండి. పైనుంచి ఫోన్..."

"సర్లే. నీ తప్పు లేదు." ట్యాబు నాకిచ్చేశారు. కాస్త దూరం వెళ్ళి వెనక్కి తిరిగి, "ఆ పిల్ల ఇంటో ఎవలికీ సెప్పని మాట మనకి సెప్పిందమ్మా. అది మాత్రం గుర్తెట్టుకో" అన్నారు.

అంతే. కోప్పడితే బాగుండేది. నాలుగు తిడితే, ఏడ్చేసి, మర్నాటికి మామూలైపోయేదాన్ని. ఆయన తిట్టలేదు గనక ఆ మాట నాతో అలాగే ఉండిపోయింది. ఉండాల్సినవాళ్ళ జాబితాలో నా పేరు ఉంది. ఆ నెల జీతం డబ్బులతోనే మా ఇంటికి బియ్యం కొన్నాను.

ఆ ఏడాదే ఆయన రిటైరయ్యారు. శాలువా కప్పాం, దండ వేశాం, నేను రెండు ముక్కలు మాట్లాడాను. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. బెల్లం మార్కెట్ వెనక వీధిలో వాళ్ళిల్లు. రెండేళ్ళలో రెండుసార్లు వెళ్ళాను, అంతే. వెళ్ళినప్పుడల్లా, "ఊళ్ళెలాగున్నాయమ్మా?" అని అడిగేవారు, చుట్టాల్ని అడిగినట్టు. "బాగున్నాయి సార్" అని నేను టీ తాగి వచ్చేసేదాన్ని. ఆఖరిసారి ఆయన్ని చూసింది కూరగాయల బజార్లో. సంచిలోంచి పొట్లకాయ బయటికి తొంగిచూస్తోంది. "ఆ కోడలి ఊరు మళ్ళీ ఎల్లేవా?" అన్నారు. లేదండీ, శాంపిల్ మారిపోయింది, ఆ ఊరు మనకి రాలేదు అన్నాను. "అవున్లే" అన్నారు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. అడ్రసు నా ట్యాబులోనే ఉండేది. ఒక ఆదివారం స్కూటీ వేసుకుని వెళ్ళొస్తే ఎవరాపారు నన్ను?

పెద్దకార్యం మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. కార్యం నాడు జనంలో ఆవిడతో మాట్లాడ్డానికి కుదర్లేదు. ఆయన భార్యని నేను పిన్నిగారంటాను. మొదట్లో మేడమంటే, "మీ సర్వే మర్యాదలు నాకొద్దు" అని ఆవిడే మాన్పించింది. ఇల్లింకా చుట్టాలతో నిండుగా ఉంది. మధ్యాహ్నం దాటిపోయింది. అందరి భోజనాలూ అయ్యాయి. వాళ్ళ కోడలు ఎంత వద్దన్నా వినకుండా వడ్డన అంతా ఆవిడే చేసిందట. ఇప్పుడు వంటింటి గడప మీద కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చుని, దోవలో కూడదీసుకున్న ధైర్యమంతా ఖర్చుపెట్టి, రిమార్కు సంగతి చెప్పాను. ఆయనకి క్షమాపణ చెప్పలేకపోయాను పిన్నిగారూ అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "తెలుసమ్మా. ఆవేళే వచ్చి సెప్పేరు. మా ఆఫీసు పిల్ల తీసేసింది, మంచిపని సేసింది, నేకపోతే ఆ పిల్ల ఇంట్లోనే గిన్నె కాళీ అయిపోను అన్నారు" అంది.

నేను ముఖం కొంగులో దాచుకున్నాను. ఆయన నా ఇంటికి ఎప్పుడూ రాలేదు. నీళ్ళు అడగలేదు. అయినా నా గిన్నె చూశారు. నన్ను ఏమీ అనకుండా వదిలేసింది అందుకని నాకిప్పటిదాకా తెలియదు. తెలిసేసరికి ఆయన లేరు. ఈ బాధ ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియడం లేదు.

పిన్నిగారు నా వీపు మీద చెయ్యేసి, "నన్ను కూడా సర్వే సేసేరు, తెలుసా?" అంది. పెళ్ళైన కొత్తలో ఒకరోజు ఆయన ఫారం పట్టుకొచ్చి ఆవిడ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారట. "ఇప్పుడు నేను సర్వే బాబుని. నువ్వెవరో నాకు తెలీదు" అన్నారట. ఆవిడకి నవ్వాగలేదు. బోంచేసేవా అంటే తినేసేనండీ అంది. ఏ కూరతో అంటే నోటికొచ్చిన కూర చెప్పింది. ఆయన లేచి వంటింట్లోకెళ్ళి గిన్నె వంచి చూశారు. చూసి, తిరిగొచ్చి, ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ ఫారం ఆఫీసుకి చేరలేదు. ఆ రాత్రి నుంచి ఆవిడ తిన్నాకే ఆయన తినడం.

"మా అత్తగారు ఎంత గోల పెట్టేసేదనుకున్నావు! మొగోడివి ఆకర్న తింటావేట్రా, ఈదిలో నవ్వుతారు అని. ఆయన ఇనేవోరు కాదు. నాకు ఆకలి నేదన్నా ఒప్పుకోరు. గిన్నె వంచి సూపించు అనీవోరు. ఇన్నేళ్ళూ అదే మాట. ఇసుగొచ్చేసేది నాకు" అంది. విసుగొచ్చేదని చెబుతూనే కళ్ళు తుడుచుకుంది.

రిమార్కులు ఎవరూ చదవరని తెలిసీ ఆయన ఎందుకు రాసేవారో నేను అడిగిన ప్రశ్నకి జవాబు ఆ గడప మీద దొరికింది. ఎవరూ చదవకపోయినా, రాసిన మనిషైతే చదివాడు, చదివి తన ఇంట్లో తినే వరస మార్చుకున్నాడు కదా.

ముందుగదిలో చుట్టాలు బస్సు టైముల గురించి మాట్లాడుకుంటున్నారు. నాకు దాహంగా లేదు. అయినా, "పిన్నిగారూ, కాసిన్ని మంచినీళ్ళిస్తారా?" అన్నాను. ఆవిడ లేచింది. గోడ పట్టుకుని లేచింది. ఆవిడ వెనకాలే వంటింట్లోకి వెళ్ళాను. గ్లాసు అందుకున్న చెయ్యి చూశాను. గాజులు లేవు, అది సరే, మణికట్టు ఎముక తేలి కనిపిస్తోంది.

"మీరు భోంచేశారా?"

"తినేసేనమ్మా" అంది.

"ఏ కూరతో?"

ఆవిడ నా వంక చూసింది. మొదట నవ్వొచ్చింది ఆవిడకి. "ఈ పాడు ప్రెశ్న నీకూ నేర్పేసేరేటి!" అంది. ఆ మాట పూర్తి కాకుండానే గ్లాసు పక్కన పెట్టేసి మొహం గోడవైపు తిప్పుకుంది. పొయ్యి పక్కనున్న పెద్ద గిన్నె నేనే తీసి వంచాను. కడిగినట్టుంది. ఈ పన్నెండు రోజులూ ఇంటినిండా మనుషులే. అందరూ మంచివాళ్ళే. ఆవిడకి పళ్ళు తెచ్చారు, మందులు తెచ్చారు, పక్కన పడుకున్నారు. కానీ ఆవిడ తర్వాత తినేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

బియ్యం డబ్బా ఎక్కడుందో అడిగాను. చూపించింది. సోలతో ఒకటి కొలిచి పోశాను. చెయ్యి ఆగింది. ఇంకొకటి పోశాను. అది ఉడికేదాకా ఇద్దరం పొయ్యి ముందే కూర్చున్నాం. చారు ఎవరో దాచినది కొంచెం ఉంది. పీట వేసి, కంచం పెట్టి, వేడన్నం వడ్డించాను. ఆవిడ ముద్ద కలుపుతూ ఆగి, "నువ్వూ ఎట్టుకో" అంది.

"మీ తర్వాత" అన్నాను.

ఆవిడ తలొంచుకుని తినడం మొదలుపెట్టింది. మెల్లిగా, మొదట ఇష్టం లేకుండా, తర్వాత ఆకలిగా. సగం తిన్నాక చెయ్యి ఆపింది. ఎడంచేత్తో గిన్నె అంచు పట్టుకుని దగ్గరికి లాక్కుని, నా వైపు వంచింది. అడుగున తెల్లగా, ఒక మనిషికి సరిపడా అన్నం, ఇంకా పొగలు వస్తూ ఉంది.

"సూడు, నీకుంది" అంది.